చలికాలంలో కోడిపిల్లలకు బల్బు వేడి ఎప్పుడు మాన్పించాలి?

ప్రశ్న (ఆదిలాబాద్ జిల్లా నుండి)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక రేకుల గదిలో 40 వనరాజా జాతి కోడిపిల్లలను పెంచుతున్నాను. ఈ రోజుకు వాటి వయసు 27 రోజులు. నేల మీద ఊక పరిచి, చుట్టూ అట్టలతో గుండ్రంగా దడి కట్టి, మధ్యలో రెండు 100 వాట్ల బల్బులు వేలాడదీశాను. పగలు ఎండ బాగానే కాస్తున్నందున మధ్యాహ్నం పూట పిల్లలు బల్బుల కిందికి రావడమే లేదు. కానీ తెల్లవారుజామున గదిలో థర్మామీటరు 11 డిగ్రీలు చూపిస్తోంది, ఆ వేళకు అన్నీ బల్బుల కిందనే ముద్దగా చేరి ఉంటున్నాయి.

పిల్లలను అమ్మినవారు 21 రోజులు దాటితే వేడి అక్కరలేదని చెప్పారు. కిందటి ఏడాది ఇదే పుష్యమాసంలో ఆ మాట నమ్మి, 22వ రోజు రాత్రి బల్బులు ఆర్పివేశాను. తెల్లవారి తలుపు తీసేసరికి పిల్లలన్నీ ఒక మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పైవాటిని ఒక్కొక్కటిగా తీస్తూ పోతే అడుగున ఆరు పిల్లలు అణగి చనిపోయి ఉన్నాయి, వాటి ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు కూడా. ఇప్పుడు మా ఊరిలో ఒకరు నెలన్నర దాకా వేడి ఉంచాలంటున్నారు, వేడి అలవాటైతే ఈకలు సరిగా రావని మరొకరు అంటున్నారు. పిల్లలకు ఇక వేడి అక్కరలేదని ఏ గుర్తులను బట్టి తెలుసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (సిద్దిపేట జిల్లా నుండి)

చెల్లెమ్మా, 21 రోజుల లెక్క పూర్తిగా అబద్ధం కాదు, అది వేసవి లెక్క. మే నెలలో మా దగ్గర రెండు వారాలు దాటాక బల్బు అవసరమే ఉండదు. అదే లెక్కను పుష్యమాసంలో మీ ఆదిలాబాద్ చలికి వర్తింపజేయడం వల్లనే ఆ నష్టం జరిగింది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ వేడి ఉండాలి. అక్కడి నుండి వారానికి 5 ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ 70కి, అంటే 21 సెల్సియస్‌కు దించుతాం. మీ గదిలో రాత్రి 11 డిగ్రీలే ఉన్నప్పుడు, నాలుగు వారాల పిల్లకు కావలసినదానికీ ఉన్నదానికీ మధ్య ఎంత తేడా ఉందో మీరే చూడండి.

రోజుల కన్నా ఈకలను నమ్మండి. పిల్లకు మొదట రెక్కల ఈకలు వస్తాయి, తరువాత తోక, వీపు, అన్నిటికన్నా చివర రొమ్ము, రెక్కల అడుగు, మెడ నిండుతాయి. పైనుండి చూస్తే మూడు వారాలకే కోడిలా కనబడుతుంది, మనం మోసపోయేది అక్కడే. అందుకే పిల్లను చేతిలోకి తీసుకొని, వెల్లకిలా తిప్పి, రొమ్ము మీద మెల్లగా ఊదండి. నూగు విడిపోయి గులాబీ రంగు చర్మం కనిపిస్తే దానికి ఇంకా వేడి కావాలి. ఊదినా పెంకులు పేర్చినట్లు ఈకలు ఒకదాని మీద ఒకటి కదలకుండా ఉంటే అది సిద్ధమైనట్లే. ఒకటి రెండింటిని చూసి నిర్ణయించకుండా, అన్నిటికన్నా చిన్నవాటితో కలిపి పదింటినైనా చూడండి, ఎందుకంటే చలికి ముందుగా లొంగేది ఆ చిన్నవే. పుంజు పిల్లలకు చాలాసార్లు పెట్టల కన్నా ఆలస్యంగా ఈకలు వస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి.

మాన్పించడం ఒక్క రాత్రిలో చేసే పని కాదు. ముందు పగటి వేడి ఆపండి. మూడు నాలుగు రోజులు మేత, నీరు మామూలుగా తీసుకుంటూ తిరిగితే, రాత్రి రెండు బల్బులలో ఒకటి తీసివేయండి. ఆ తరువాత మిగిలినదాన్ని 60 వాట్లకు మార్చి, చివరకు ఆర్పండి. ప్రతి మార్పు తరువాత తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒకసారి లేచి చూడవలసిందే, ఎందుకంటే రాత్రి పది గంటలకు హాయిగా పడుకున్న పిల్లలే నాలుగింటికి గుంపు కట్టి కీచుమంటాయి. విడివిడిగా, కాళ్ళు చాపుకొని నిద్రపోతుంటే ముందుకు వెళ్ళండి, గుట్టగా చేరితే ఒక మెట్టు వెనక్కి రండి. వేడి వల్ల ఈకలు రావన్న మాటలో కొంత నిజం ఉంది. పిల్లలు నోరు తెరిచి, రెక్కలు వేలాడేసి దడి అంచుకు పోతున్నా బల్బు తగ్గించకపోతే, ఈకలు ఆలస్యం కావడమే కాక ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కూడా.

జవాబు 2 (నిజామాబాద్ నుండి, పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను)

పై సోదరులు చెప్పినది సరైనదే. దానికి కొన్ని జాగ్రత్తలు చేర్చుతాను. పిల్లలకు 27 రోజులన్నారు. 28వ రోజున కొక్కెర తెగులుకు లసోటా టీకా రెండవ విడత వేయించే రోజు. టీకా వేసిన రెండు మూడు రోజులు పిల్లలు కొద్దిగా నలతగా ఉంటాయి కనుక, అది గడిచేదాకా వేడి విషయంలో ఏ మార్పూ చేయకండి.

కిందటి ఏడాది ఆరు పిల్లలు చలి ఒక్కదాని వల్లనే చనిపోయాయని నేను అనుకోవడం లేదు. మూడు వారాలు వెలుగులో పడుకున్న పిల్లలకు బల్బు ఆర్పగానే చీకటి పడుతుంది, ఆ చీకటికి బెదిరి మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కనుక వేడి ఇచ్చే బల్బు ఆర్పిన రాత్రులలో ఒక జీరో బల్బు వెలిగించి ఉంచండి, కొన్నాళ్ళకు దాన్ని కూడా తీసివేయవచ్చు. ఎల్‌ఈడీ వెలుగే కానీ వేడి ఇవ్వదు కనుక దాన్ని ఇందుకు వాడవచ్చు, వేడి కోసం మాత్రం వాడకూడదు. దడి తీసివేసినా గది నాలుగు మూలలను అట్టలతో గుండ్రంగా మూసివేయడం మరువకండి.

పిల్లలు ముడుచుకొని నిలబడిన ప్రతిసారీ అది చలేనని అనుకోకూడదు. ఊక తడిసి, వంగి కూర్చుంటే ఘాటు వాసన ముక్కుకు తగులుతుంటే ముందు ఊక మార్చండి. రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు, ఆ వయసులో అది తరచూ వస్తుంది. బల్బు పెంచడం దానికి మందు కాదు, అదే రోజు పశువైద్యుడికి చూపించండి. ఇంకొక మాట, కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. ఆ పొగలోని విషవాయువు పిల్లలనూ, లోపలికి వెళ్ళిన మనిషినీ తీసుకుపోతుంది. సీసాలలో వేడినీళ్ళు పోసి, గోనెగుడ్డ చుట్టి ఊకలో పెడితే కొన్ని గంటలు గడుస్తాయి.

జవాబు 3 (పశ్చిమ గోదావరి జిల్లా నుండి)

ఈకలను ఊది చూడడం వనరాజాకు, గ్రామప్రియకు సరిపోతుంది. మా వైపు పెంచే అసీల్ పందెం కోడి పిల్లల విషయంలో మాత్రం దానినే పట్టుకుంటే పొరపాటవుతుంది. ఆ జాతికి ఈకలు పలుచన, పెద్దయ్యాక కూడా రొమ్ము ఎముక దగ్గర చర్మం బయటికి కనిపిస్తూనే ఉంటుంది. వాటికి అవి పడుకునే తీరు ఒక్కటే గుర్తు. మా అమ్మ తల్లికోడిని చూసి చెప్పేది: పగలంతా విడిగా తిరిగిన పిల్లలు చీకటి పడగానే రెక్కల కిందికి దూరుతున్నంత కాలం వాటికి వేడి కావాలి, తల్లి పొడిచి తరిమినా మళ్ళీ రాకుండా పక్కన పడుకుంటే గంప మార్చవచ్చు అని. మీ బల్బు తరమలేదు కనుక ఆ పని మీరే మెల్లగా చేయాలి.

ప్రశ్న అడిగినవారి నుండి (16 రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. టీకా వేయించి మూడు రోజులు ఆగి, 31వ రోజు నుండి పగటి వేడి ఆపాను. 35వ రోజు రాత్రి ఒక బల్బు తీసివేస్తే, నాలుగింటికి చూసేసరికి మళ్ళీ గుట్టగా చేరాయి. వెంటనే రెండవ బల్బు పెట్టి, తలుపు కింది సందుకు గోనెసంచి అడ్డం వేశాను. మరునాడు ఒక్క బల్బుతోనే సరిపోయింది, నిజానికి వాటిని బాధించింది నేల మీదుగా వచ్చే ఆ గాలే. 40వ రోజు రాత్రి జీరో బల్బు ఒక్కటే ఉంచి, నేను కూడా గుమ్మంలో దుప్పటి కప్పుకొని కూర్చున్నాను. నాలుగింటికి 12 డిగ్రీలు ఉంది. ఊకలో ఎక్కడికక్కడ విడిగా పడుకున్నాయి, అయిదు పిల్లలు వెదురు కర్ర మీదికి ఎక్కి, తల రెక్కలో దూర్చి నిద్రపోతున్నాయి. ఒక్కటి కూడా పోలేదు. రొమ్ము నిండని మూడింటిని మాత్రం వేరే గంపలో, 60 వాట్ల బల్బు కింద ఇంకా ఉంచాను. రోజూ పొద్దున వాటిని తిప్పి ఊది చూస్తున్నాను.