‘కన్సాలిడేషన్’ను తెలుగులో ఏమందాం?

డ్రెడ్జర్ తోడిపోసిన బురదనేలను వాక్యూమ్‌తో గట్టిపరచే పద్ధతి మీద పాఠానికి మాట కావాలి. ‘ఘనీభవనం’ అని రాసినది చూశాం. సరేనంటారా?

— వద్దండి. ఘనీభవనమంటే నీరు గడ్డకట్టడం, నెయ్యి పేరుకోవడం. ఇక్కడ రేణువులు మారవు. సందుల్లోని నీరు పోయి అవి దగ్గరికి జరుగుతాయి, అంతే. ‘దిమ్మిస కొట్టడం’ కూడా కుదరదు. అది కంపాక్షన్, గాలిని వెళ్లగొట్టే పని. మేఘాద్రిగెడ్డ కలిసే చోట మన విశాఖ ఇన్నర్ హార్బర్ పక్కనుండే నల్లటి అడుసు మీదికి రోలర్ ఎక్కిస్తే రోలరే దిగబడుతుంది. నా ఓటు ‘కుదురుబాటు’కి. కుండ కదలకుండా కింద పెట్టే చుట్టనీ కుదురే అంటాం కదా.

— కుదురుబాటు బాగుందండీ. ‘కుంగుబాటు’ని సెటిల్‌మెంట్‌కి, అంటే నేలమట్టం కిందికి దిగడానికి ఉంచండి, రెండూ కలపొద్దు. ఇంకోమాట, వాక్యూమ్ నీటిని ‘పీల్చేస్తుంది’ అని రాయకండి. నేల మీద పరిచిన షీటు కింద గాలి తీసేస్తే పైనున్న గాలి బరువే నేలను అదుముతుంది. ఆ ఒత్తిడి లెక్కకి 100 కిలోపాస్కల్స్, చేతికొచ్చేది 80 దాకా. అంటే నాలుగు మీటర్లకు పైగా మట్టి పోసినంత బరువు. పోసిన మట్టి అడుసుని పక్కలకు తోస్తుంది, వాక్యూమ్ లోపలికి లాగుతుంది. అందుకే గట్టు జారదు గానీ అంచుల బయట నేల పగుళ్లిస్తుంది.

— అడుసులో నీరు బయటికి రావడానికి నిలువుగా గుచ్చే విక్ డ్రెయిన్‌ని ‘ఒత్తి’ అంటే ముద్దుగా ఉంటుంది, కానీ తప్పు. దీపం ఒత్తిలా అది నూనె ఎగబాకించదు, ఒత్తిడి తేడాతో నీరు వస్తుంది. ‘పట్టీ’ అనండి. 100 మిల్లీమీటర్ల వెడల్పు, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం. ఉక్కు గొట్టంతో మీటరుకొకటి చొప్పున గుచ్చుతారు. పదిమీటర్ల అడుసులో పైకీ కిందికీ దారున్నా నీరు అయిదుమీటర్లు నడవాలి. పట్టీలుంటే సుమారు అరమీటరే. పట్టే కాలం దూరం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏళ్ల పని నెలలకొస్తుంది. పట్టీల తలలు ఇసుక పరుపులోకి, అందులో చిల్లుల పైపులు, పైన రెండు మూడు పొరల పీవీసీ షీటు. షీటు అంచుని కందకంలో, ఇసుక పొర దాటి బంకమట్టిలోకి దించి మట్టి జావతో కప్పాలి.

— చెడేది అక్కడేనండీ! గేజీ 60 కిలోపాస్కల్స్ దాటకపోతే ముందు కందకం చూడాలి. షీటుకి సూదంత చిల్లున్నా సుయ్‌మని వినిపిస్తుంది. పైన నీరు నిలిపాకైతే ఆ చోట చిన్న సుడి తిరుగుతుంది. అడుసు మధ్య ఇసుక పొర ఉంటే వాక్యూమ్ నిలవదు, చుట్టూ జిగురుమట్టి గోడ దించాల్సిందే. అడుగున ఇసుక ఉంటే పట్టీలు దానికి అరమీటరైనా పైనే ఆగాలి. కొత్తగా తోడిపోసిన బురద జావలో ఒత్తిడి ఒక్కసారిగా ఎక్కిస్తే పట్టీ చుట్టూ మట్టి ముందే బిగుసుకుని దారి మూస్తుంది, మెట్లుమెట్లుగా పెంచండి. నేల బాగా కుంగితే పట్టీలు మడతపడతాయి కూడా.

— అయితే పాఠంలో ‘కుదురుబాటు 80 శాతం దాటేదాకా పంపులు ఆపకూడదు’ అని రాస్తున్నాం.