ఉద్యోగం మానకుండా, ఓపీలోనే మందులు, కౌన్సెలింగ్‌తో మద్యం మాన్పించవచ్చా?

ప్రశ్న (తాడేపల్లిగూడెం నుంచి ఒక చెల్లెలు)

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 43 ఏళ్లు, రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాడు. చాలా ఏళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఈ మధ్య పొద్దున్నే కొంచెం గొంతులో పడితే తప్ప చేతుల వణుకు తగ్గడం లేదు. బస్తాల లెక్క రాసే పుస్తకంలో అంకెలు కూడా కుదురుగా పడటం లేదు. మానేయాలని తనే అంటున్నాడు. ఒక డీఅడిక్షన్ సెంటర్ వారిని అడిగితే మూడు నెలలు అక్కడే ఉంచాలన్నారు. అన్నాళ్లు సెలవు పెడితే ఉద్యోగం పోతుంది, ఇద్దరు పిల్లల చదువులు ఆగిపోతాయి. మందులు వాడుతూ, వారానికోసారి ఓపీకి వెళ్లి కౌన్సెలింగ్ తీసుకుంటే సరిపోతుందని మా బంధువొకరు చెబుతున్నారు. అది నిజమేనా?

మరో విషయం కూడా చెప్పాలి. కిందటి కార్తికంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా తాగుడు మానేశాడు. మూడో రోజు రాత్రి నిద్ర లేకుండా కూర్చుని, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ చేత్తో దులుపుతూనే ఉన్నాడు. వదినను కూడా గుర్తుపట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చివరికి మాల తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు వదినకు ఎవరో కూరలో కలిపి పెట్టే మాత్రలు ఇచ్చారు. వాటిని వాడవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నర్సు)

అమ్మా, మీ బంధువు చెప్పింది నిజమే. మందులూ కౌన్సెలింగూ కలిపి ఓపీలో ఇచ్చే చికిత్స ఉంది, చాలామందికి అదే సరిపోతుంది. అయితే మీ అన్నయ్య మాత్రం మొదటి వారం, పది రోజులు ఆసుపత్రిలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. దానికి కారణం మీరు చివర్లో రాసిన ఆ దీక్ష సంగతే. మీ అన్నయ్యకు సోకింది గాలి కాదు. మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది కనుక, రోజూ తాగేవారి మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది; మద్యం హఠాత్తుగా ఆగిపోతే ఆ వేగానికి పగ్గం లేకుండా పోతుంది. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడతాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి అది. ఒకసారి వచ్చినవారికి మళ్లీ మానినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు వెల్లువెత్తింది ఈ కారణం వల్లనే.

ఆసుపత్రిలో మెదడును శాంతపరిచే క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందును తగిన మోతాదులో మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు; కాలేయం బాగా దెబ్బతిని ఉంటే దాని బదులు లోరాజెపామ్ ఇస్తారు. థయామిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఊళ్లలో మనిషి నీరసపడితే ముందుగా గ్లూకోజ్ సీసా ఎక్కించే అలవాటు ఉంది. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, జ్ఞాపకశక్తి తిరిగి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఈ గండం దాటాక అసలు చికిత్స ఓపీలోనే జరుగుతుంది. అందువల్ల మీరు అడగవలసిన సెలవు మూడు నెలలు కాదు, సుమారు పది రోజులు.

జవాబు 2 (మద్యం మానిన వ్యక్తి, హనుమకొండ)

చెల్లెమ్మా, నేను ఓపీ చికిత్సతోనే బయటపడ్డాను. మొదట కాలేయ పరీక్ష చేయించి నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. అది మత్తునిచ్చే మాత్ర కాదు, అలవాటు పడే మాత్ర కూడా కాదు. 'ఒక మత్తు మాన్పించి ఇంకొకటి అంటగట్టారు' అనేవారికి ఈ సంగతి తెలియదు. తాగితే కలిగే ఆనందాన్ని అది తగ్గిస్తుంది, అందువల్ల తాగాలన్న లాగుడు క్రమంగా బలహీనపడుతుంది. ఆ మందు వాడుతున్నంత కాలం ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు వాడకూడదు. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

మాత్ర చేసే పని మాత్ర చేసింది, కానీ శనివారం సాయంత్రం జీతం చేతికందాక ఏ దారిన ఇంటికి వెళ్లాలో అది చెప్పలేదు. ఆ పని కౌన్సెలర్ చేశారు. తాగాలనిపించిన ప్రతిసారీ సమయం, చోటు, పక్కన ఎవరున్నారు అన్నవి కాగితం మీద రాయించారు. ఆ కాగితం చూస్తే నా తాగుడంతా బస్టాండు పక్కనున్న వైన్స్ ముందు, ఇద్దరు స్నేహితులతో, ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్య జరుగుతోందని తేలింది. జీతం నేరుగా నా భార్య ఖాతాలో పడేలా చేయించాం, ఆ గంటలో మా అబ్బాయిని ట్యూషన్ నుంచి తీసుకురావడం నా పనిగా పెట్టుకున్నాను. పెళ్లిలో 'ఒక్క పెగ్గే కదా బావా' అని పట్టుబట్టే మేనబావమరిదికి ఏమని జవాబివ్వాలో కూడా కౌన్సెలర్ ఎదుట చాలాసార్లు చెప్పించారు. మధ్యలో ఒకసారి తాగాను. అప్పుడు డాక్టరుగారు చీవాట్లు పెట్టలేదు. మందు ఆపవద్దని, వెంటనే రమ్మని మాత్రమే అన్నారు. అలా పిలవకపోయి ఉంటే మళ్లీ ఆ గడప తొక్కేవాణ్ని కాదు.

జవాబు 3 (వ్యసన చికిత్సలో కౌన్సెలర్)

కూరలో కలిపే మాత్రల విషయం ఎవరూ స్పృశించలేదు కాబట్టి చెబుతున్నాను. దయచేసి వాటిని వాడవద్దు. అలా ఇచ్చేవి చాలావరకు డైసల్ఫిరామ్ మాత్రలే. అది కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వచ్చి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు చనిపోయే ప్రమాదం కూడా ఉంది. మాత్ర ఆపిన రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చు, మద్యం కలిసిన దగ్గు మందు తాగినా అదే బాధ కలగవచ్చు. ఇవన్నీ తెలుసుకుని, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదుట రోజూ వేసుకునేవారికి అది మంచి మందే. తెలియకుండా పెట్టినప్పుడే విషంతో సమానం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది, అందువల్ల చికిత్సకు రోగి సమ్మతి కావాలి. మీ అన్నయ్య తనంతట తానే మానేస్తానంటున్నాడు. ఆ నమ్మకాన్ని రహస్యంగా కలిపే మాత్రతో ఎందుకు పోగొట్టుకోవాలి?

చెల్లెలు మళ్లీ: వదినకు చూపించాను, ఆ మాత్రలు పారేసింది. మా ఊళ్లో మానసిక వైద్యుడు ఉన్నారు గాని కౌన్సెలర్ ఎవరూ లేరు. కౌన్సెలింగ్ లేకుండా మందులు మాత్రమే వాడితే వృథాయేనా?

జవాబు 3 (కొనసాగింపు): వృథా కాదమ్మా. అమెరికాలో 1,383 మంది మీద 16 వారాలు జరిపి, 2006లో ఫలితాలు ప్రకటించిన కంబైన్ అనే అధ్యయనంలో, నాల్‌ట్రెక్సోన్ వాడుతూ వైద్య సిబ్బందితో క్రమం తప్పకుండా క్లుప్తంగా మాట్లాడినవారికి కూడా మంచి ఫలితమే వచ్చింది. మాత్ర వేసుకుంటున్నారా, ఎప్పుడు కష్టంగా ఉంది, ఈ వారం ఏం చేద్దాం అని డాక్టరుగారు పదిహేను ఇరవై నిమిషాలు కూర్చుని అడిగినా అది చికిత్సే. చీటీ రాసి పంపేయడంతో సరిపెట్టకుండా ఆ సమయం ఇమ్మని మీరే అడగండి. కాలేయం బాగా లేదని తేలితే నాల్‌ట్రెక్సోన్ బదులు, ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోయే అకాంప్రోసేట్ గాని, కొందరికి బాక్లోఫెన్ గాని ఆలోచిస్తారు. ఏదైనా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడవలసి ఉంటుంది. నెల బాగున్నాడని ఆపేయకండి. ఇంటి నుంచి మాట్లాడటానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి, వాటికి డబ్బు కట్టనక్కర్లేదు.

జవాబు 1 (కొనసాగింపు): ఆసుపత్రికి వెళ్లేదాకా ఒక్కసారిగా మాన్పించవద్దు, ఈలోగా ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత రక్తపరీక్షల కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. దీక్ష నాటి ఆ రాత్రి సంగతి అన్నయ్యకు గుర్తుండదు కాబట్టి మీరో, వదినో పక్కన ఉండి డాక్టరుగారికి పూసగుచ్చినట్టు చెప్పండి. మిల్లు యజమానికి జ్వరమనో ఊరికి వెళ్లాడనో చెప్పకుండా, వైద్య సెలవు కాగితం ఆసుపత్రిలోనే రాయించుకుని ఇవ్వండి. ఆ తర్వాత వారానికోసారి ఓపీకి పంపించడానికి కూడా ఆ కాగితమే ఆధారమవుతుంది.