ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లలకి పరుగు, వ్యాయామం కావాలా? లేక చెయ్యి వణుకుతుందా?

ఒంగోలు నాన్న:
మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడాదిగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. పొద్దున్నే కాసేపు పరుగెత్తిద్దామనుకుంటే, రేంజ్‌లో తెలిసినాయన ఒకరు వద్దన్నారు. "ఇది కదలకుండా నిలబడే ఆట. పరుగులు, బరువులు మొదలుపెడితే చెయ్యి వణుకుతుంది, ఉన్న స్కోరు కూడా పోతుంది" అని. మా ఆవిడ కూడా అదే మాట పట్టుకుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కావలి పిస్టల్:
ఆయన చెప్పింది నిజమే అన్నా. నేను ఆరు నెలలు జిమ్‌కి వెళ్లి చూశా. డంబెల్స్ ఎత్తిన రోజు సాయంత్రం ఫ్రంట్ సైటు (గొట్టం కొసన గురి చూసే ముక్క) నిలిచేది కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 51 ఏళ్ల టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్‌లో రజతం కొట్టాడు. ఆయనేమన్నా కండలు పెంచాడా? ఆ టైము డ్రై ప్రాక్టీసుకి (గుండు లేకుండా గురి, ట్రిగ్గర్ సాధన) ఇవ్వండి.

నెల్లూరు రైఫిల్:
తమ్ముడూ, పొద్దున డంబెల్స్ ఎత్తి సాయంత్రం పిస్టల్ పడితే ఎవరి చెయ్యయినా వణుకుతుంది. అలిసిన కండరం అంతే. రెండూ ఒకే రోజు పెట్టుకోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి. ఇక డికెచ్ సంగతి. ఖాళీ చెయ్యి ఊగితే భుజాలు ఊగుతాయి, అందుకే పిస్టల్ వాళ్లు దాన్ని జేబులోనో బెల్టులోనో పెడతారు. పారిస్ ఆయనకి ఐదో ఒలింపిక్స్. అన్నేళ్లుగా తయారైన ఒంటిని పదమూడేళ్ల పిల్లతో పోల్చకూడదు.

నన్ను కూడా మొదట్లో ఒక కోచ్ వ్యాయామం వద్దన్నారు. నమ్మాను. రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. నిలబడి కాల్చేటప్పుడు నడుము వెనక్కి వంచి, ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనించి ఆ బరువు మోయాలి. పైన అట్టలాంటి జాకెట్. మే నెల ఎండల్లో ఏసీ లేని రేంజ్‌లో దాన్ని వేసుకుంటే ఎలా ఉంటుందో మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో ఏడు వచ్చేసరికి నాలుగో సిరీస్‌కే (సిరీస్ అంటే పది షాట్లు) నడుము తిమ్మిరెక్కేది. ఇంటికొచ్చి నీళ్ల బకెట్ ఎత్తలేకపోయిన రోజులున్నాయి. పొట్ట, వీపు కండరాల్లో బలం లేదని ఫిజియో చెప్పాక తెల్లవారుజామున ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నెమ్మదిగా పరుగు, ఇంట్లో ప్లాంక్, ఆదివారం మైపాడు బీచ్ ఇసకలో చెప్పుల్లేకుండా నడక మొదలుపెట్టా. నాలుగు నెలల్లో నొప్పి తగ్గింది. ఆఖరి సిరీస్ కూలిపోవడం ఆగింది.

ఇంకో మాట. రైఫిల్ వెనక భాగం (బట్) భుజానికి ఆనించి చూస్తే, గుండె కొట్టిన ప్రతిసారీ ఫ్రంట్ సైటు రింగులో నల్ల చుక్క చిన్నగా ఎగిరిపడేది. పరుగు అలవాటయ్యాక ఆ ఎగురుడు నెమ్మదించింది. బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్నీ, చేతి వణుకునీ తగ్గిస్తాయనే షూటింగ్‌లో వాటిని నిషేధించారు. గుండె నెమ్మదిగా కొట్టుకోవడం ఈ ఆటలో అంత విలువైనది.

కావలి పిస్టల్:
నడుము సంగతి ఒప్పుకుంటా. కానీ పిస్టల్ బరువు కిలో అటూఇటూగా ఉంటుంది. స్కూలు పిల్లకి రోజుకి దొరికేదే గంట, దాన్ని పరుగుకిస్తే ట్రిగ్గర్ ఎప్పుడు నేర్చుకుంటుంది?

నెల్లూరు రైఫిల్:
కిలోనే. కానీ 60 షాట్లు, ముందు గురి సరిచూసుకునే సైటింగ్‌తో కలిపి గంటన్నర. కుదరక దించేసినవి కూడా లెక్కేస్తే వందసార్లు పైనే ఎత్తాలి. అలిసిన మణికట్టు దగ్గర ఫ్రంట్ సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే టార్గెట్ మీద సుమారు 30 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. ఒంగోలు అన్నా, మీ పాప స్కోరు షీట్లు తీసి మొదటి సిరీస్‌నీ ఆరో సిరీస్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక షూటర్ అమ్మ:
మా బాబు అనుభవంతో ఒక్క మాట అన్నయ్యా. ఎప్పుడూ కుడి చెయ్యే ఎత్తుతుంటే ఒక భుజం పైకి, ఒకటి కిందికి అయింది. ఏది చేయించినా రెండు వైపులా చేయించండి. ఈ వయసులో పెద్ద బరువులు మాత్రం వద్దు.

ఒంగోలు నాన్న:
షీట్లు చూశా. ఐదో సిరీస్ నుంచి దిగిపోతోంది. ఇవాళ పొద్దున అర లీటరు బాటిల్ సగం నింపి, చెయ్యి చాచి పట్టుకోమన్నా. పదిహేను లెక్కపెట్టేదాకా లోపల నీళ్లు కదల్లేదు. తర్వాత అంచున చిన్న చిన్న అలలు. పాపే చూసి, "నాన్నా, రేంజ్‌లో కూడా ఇట్లాగే అవుతుంది" అంది. టైము గురించి కావలి తమ్ముడు అన్నది కూడా నిజమే, అందుకే పరుగు రోజు మార్చి రోజు, అది కూడా డ్రై ప్రాక్టీసు అయ్యాకే. మూడు నెలలయ్యాక ఆరో సిరీస్ స్కోర్లు ఇక్కడే పెడతాను.