పాత ఇంటికి చారిత్రక గుర్తింపు: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మా ముత్తాత కట్టించిన ఇల్లు ఇది. వందేళ్లు దాటిందని ఇంట్లో అందరూ అంటారు కానీ చేతిలో ఉన్నది స్థలం దస్తావేజు ఒక్కటే. అధికారికంగా చారిత్రక కట్టడంగా గుర్తింపు తెచ్చుకోవాలని నాన్నగారి కోరిక. దరఖాస్తు పెట్టేముందు, పెచ్చులూడిన సున్నపు గోడలకు సిమెంటు పూయించి రంగులు వేయిద్దామనుకుంటున్నాం. సరేనా?

జవాబు 1: ముందు ఆ మేస్త్రీని ఆపండి! సున్నపు గోడ తడి పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. మేమూ ముందు గదికి ఇలాగే చేశాం. రెండేళ్లకు గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసింది, గోరుతో గీకితే ఇటుక పిండిలా రాలింది. గుర్తింపు ఇచ్చేవాళ్లు చూసేది ఇల్లు కొత్తగా మెరుస్తోందా అని కాదు, పాతది ఎంత మిగిలిందని. ఇప్పుడున్నది ఉన్నట్టు ప్రతి గదీ ఫొటోలు తీయండి.

ఇక కాగితాలు. దస్తావేజు చెప్పేది స్థలం గురించి, దాంతో ఇంటి వయసు తేలదు. పాత పన్ను రికార్డులు వెతికించండి. ఏదో ఒక ఏడు పన్ను ఒక్కసారిగా పెరిగి ఉంటే ఇల్లు అప్పుడు లేచిందేమో అని ఆరా తీయొచ్చు. పాత సర్వే పటాలు, బంధువుల ఆల్బమ్‌లు కూడా చూడండి. ఫొటోలో మనుషుల్ని వదిలేసి వెనకాల గోడ చూడాలి.

వయసొక్కటే సరిపోదండీ. అమెరికాలో చారిత్రక కట్టడాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో సాధారణంగా 50 ఏళ్లు నిండాలి, పైగా ముఖ్యమైన సంఘటనతోనో వ్యక్తితోనో సంబంధమో, నిర్మాణంలో ప్రత్యేకతో చూపించాలి. భారత్‌లో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కేంద్ర రక్షణకు కనీసం 100 ఏళ్లతో పాటు జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. మామూలు కుటుంబాల ఇళ్లకు రాష్ట్ర, నగర జాబితాలే దారి.

జవాబు 2: వాటాదారులందరూ ఒప్పుకున్నారా? గుర్తింపు వచ్చాక చేతులు కట్టేసినట్టవుతుంది కొన్నిచోట్ల. ఇంగ్లండ్‌లో జాబితాకెక్కిన ఇంటి స్వరూపం దెబ్బతినేలా అనుమతి లేకుండా మార్పులు చేస్తే నేరం, లోపలి గదులైనా సరే. అమెరికాలో నేషనల్ రిజిస్టర్‌కి ఎక్కినంత మాత్రాన సొంత డబ్బుతో చేసుకునే మరమ్మతులకు అడ్డు లేదు, స్థానిక నిబంధనలు మాత్రం వేరుగా ఉండొచ్చు. మీ చోట రూలేమిటో రాతపూర్వకంగా అడిగాకే సంతకాలు పెట్టండి.

అడిగినవారు: మేస్త్రీకి వద్దని చెప్పేశాం. బాబాయి ఇంకా తేల్చలేదు, అదో టెన్షన్. ఇంకో సంగతి, అటక మీది దూలానికి ఏవో అంకెలు చెక్కి ఉన్నాయి. సగం రంగు కింద ఉన్నాయి, గీకి చూడమంటారా?

జవాబు 1: అస్సలు గీకొద్దు. గది చీకటి చేసి, టార్చ్‌ని దూలానికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి. గాట్లలో నీడ పడి అంకెలు తేలతాయి, అప్పుడు ఫొటో తీయండి. అది కట్టిన సంవత్సరమే అని మాత్రం రాసేయకండి. వేరే పాత ఇంటి దూలాన్ని తెచ్చి వాడి ఉండొచ్చు.