ఒక్క డిష్‌కి మూడు బాక్సులు, ఎల్ఎన్‌బీ మారిస్తే సరిపోతుందా?

అన్నా, డిష్ పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది కావలి దగ్గర పల్లె. కింద మేము, మేడ మీద బాబాయి వాళ్లు, వెనక రేకుల గదిలో నాయనమ్మ. డాబా మీద డిష్ ఒక్కటే. బిగించడానికి వచ్చినతను ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క) నుంచి వచ్చే ఒక్క వైరుకే స్ప్లిటర్ తగిలించి మూడు బాక్సులకీ పంచేసి పోయాడు. ఇప్పుడు నాయనమ్మ సీరియల్ చూస్తుండగా మేడ మీద పిల్లోడు కార్టూన్ పెట్టాడంటే ఇక్కడ బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి నో సిగ్నల్ అని వస్తుంది, కొన్ని ఛానెళ్లకి మాత్రం ఇద్దరికీ బానే ఉంటుంది, అందుకే తప్పు వానదని అనలేకపోతున్నా.

బాక్సు ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే వర్టికల్ (నిలువు) సిగ్నల్‌లో ఉన్న ఛానెళ్లు, 18 పంపితే హారిజాంటల్ (అడ్డం) సిగ్నల్‌లో ఉన్నవి వస్తాయి, ఒకే వైరులో రెండూ ఒకేసారి కుదరవు కదా. అయితే క్వాడ్ ఎల్ఎన్‌బీ (నాలుగు వైర్లు తగిలించుకోగలిగేది) పెట్టి ఒక్కో బాక్సుకీ విడిగా ఆర్‌జీ-6 డిష్ వైరు లాగాల్సిందేనా? బయట కొన్నది మా కంపెనీ బాక్సుతో పనిచేస్తుందా? మేడ మీదకి ఫ్రీ డిష్ పెట్టుకుంటానంటాడు బాబాయి, అదేమో 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది, దానికి ఇంకో డిష్ కావాలి, డాబా మీద వడియాలకే చోటు లేదు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టకుండా ఏం చుడతారు? క్వాడ్ నెల్లూరు ట్రంక్ రోడ్డులో దొరుకుతుందా?