కామోర్టాలో ఫైలేరియా రక్తపరీక్ష పగలు ఎందుకు చేస్తారు?

కోరంగి అమ్మాయి:
మాది కాకినాడ దగ్గర ఊరు, ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటున్నాం. మా ఆయనకి నికోబార్‌లోని కామోర్టాకి బదిలీ అయింది, వచ్చే నెల పిల్లాడితో సహా వెళ్తున్నాం. అక్కడ పనిచేసి వచ్చిన ఒకావిడ, ఆ దీవుల్లో బోదకాలు జబ్బు ఉందని, పరీక్షకి రక్తం పగలే తీస్తారని చెప్పారు. మా ఊళ్లో అయితే చిన్నప్పుడు ఫైలేరియా వాళ్లు రాత్రి భోజనాలయ్యాక టార్చిలైటు వేసుకుని వచ్చేవాళ్లు, నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకునేవాళ్లు. పగలు తీస్తే పురుగు దొరకదని మా నాన్న అనేవారు. మరి అక్కడ పగలు తీస్తే ఏం తెలుస్తుంది? అది వేరే పురుగా? పిల్లాడికి నాలుగేళ్లు, చాలా టెన్షన్‌గా ఉంది. దోమతెర కడితే సరిపోతుందా?

స్లైడు మాస్టారు:
మీ నాన్నగారు చెప్పింది మీ ఊరి వరకు అక్షరాలా నిజమమ్మా. పురుగు జాతి రెండు చోట్లా ఒకటే, ఉకరేరియా బాంక్రాఫ్టై. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాల్లో, కాపురముంటాయి, వాటి పిల్లలు రక్తంలోకి వస్తాయి. గోదావరి జిల్లాల్లో వీటిని మోసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ, అది కుట్టేది రాత్రిపూట, కాబట్టి ఆ పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి గుంపులుగా వస్తాయి. పగలు నిద్రపోయి రాత్రిళ్లు మేలుకునే మనిషిలో కొన్ని రోజులకి ఈ వేళలు తిరగబడతాయని 1880ల్లోనే గమనించారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

కామోర్టా ఉన్న నాంకౌరీ దీవుల్లో మోసే దోమ వేరు. డౌన్సియోమియా నివియా అంటారు, పాత పుస్తకాల్లో ఏడిస్ నివియస్ అని ఉంటుంది. అడవిలో చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో పెరుగుతుంది, కుట్టేది పగలు. అక్కడి పురుగు దానికి తగ్గట్టే పగటి వేళకి అలవాటు పడింది, రాత్రి కూడా రక్తంలో కొన్ని ఉంటాయి కానీ పగలే ఎక్కువ. అందుకే స్లైడు పగలు తీస్తారు.

ఇక దోమతెర. ఫైలేరియాకి అక్కడ దాంతో పెద్దగా పని జరగదు, పిల్లాడు తోటల వైపు, అడవి అంచుకి వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేయండి. అలాగని తెర మానెయ్యకండి, ఉప్పునీటి మడుగుల్లో పెరిగే అనాఫిలిస్ సుండైకస్ అనే మలేరియా దోమ అక్కడ ఉంది, అది రాత్రిదే. ఇంకో మాట, ఒకటి రెండు కాట్లకి బోదకాలు వచ్చెయ్యదు, నెలల తరబడి పదే పదే కుడితేనే సాధారణంగా పురుగు నిలబడుతుంది. భయపడకండి.

అబర్డీన్ బజార్:
మాస్టారు చెప్పినదానికి నా వంతు. దోమలు పెరక్కుండా మన వైపు కాలవ పూడిక తీస్తారు, మందు కొడతారు. నాంకౌరీ అడవిలో ఏ తొర్రలో నీళ్లున్నాయో ఎవరు వెతుకుతారండి? అందుకే అక్కడ దోమని వదిలేసి మనిషి ఒంట్లో పురుగు మీద పడ్డారు. ఏటా డీఈసీ (ఫైలేరియా పురుగు మందు), ఆల్బెండజోల్ (నులిపురుగుల మందు) మాత్రలు, దానికి తోడు డీఈసీ కలిపిన ఉప్పు కూడా ఇచ్చారు. రోజూ కూరలో కొద్దికొద్దిగా మందు వెళ్తుంది, మాత్ర వేసుకున్నప్పటి జ్వరం, కళ్లు తిరగడం దాదాపు ఉండవు. చైనాలో ఇదే పద్ధతి పెద్ద ఎత్తున నడిచింది, తైవాన్ వాళ్ల కిన్మెన్ దీవిలో, మన లక్షద్వీప్‌లో కూడా వాడి చూశారు. దీవికి ఉప్పు ఓడ మీదే రావాలి కదా, ఏ ఉప్పు వెళ్తోందో చూసుకోవడం తేలిక. పైగా ఈ పురుగు మనిషిలో తప్ప ఏ జంతువులోనూ బతకదు, అందరి ఒంట్లోంచీ పోతే దీవి నుంచే పోయినట్టు.

కోరంగి అమ్మాయి:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. మాత్రలు నాలుగేళ్ల పిల్లాడికి ఇవ్వొచ్చా? ఒక్కసారి వేస్తే చాలదా, ఏటా ఎందుకు?

స్లైడు మాస్టారు:
ఇవ్వొచ్చమ్మా, రెండేళ్లు నిండినవాళ్లందరికీ వేస్తారు, గర్భిణులకీ బాగా జబ్బుతో ఉన్నవాళ్లకీ మాత్రం వద్దు. పరగడుపున వెయ్యకండి. వేశాక కాస్త జ్వరం వస్తే లోపల పిల్లపురుగులు చస్తున్నాయని అర్థం, అలా వచ్చినవాళ్లకే ఆ మందు అవసరం మరీ ఎక్కువ.

ఏటా ఎందుకంటే ఆ మాత్ర పిల్లపురుగుల్ని ఊడ్చేస్తుంది కానీ పెద్దవన్నీ చావవు, అవి ఐదారేళ్లు బతికి మళ్లీ పిల్లల్ని వదులుతుంటాయి. మధ్యలో మానేస్తే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్ని చూడండి. అక్కడా పగలు కుట్టే దోమే, కొబ్బరి చిప్పల్లో పీతల బొరియల్లో పెరుగుతుంది. 1960ల నుంచి విడతలు విడతలుగా మందు వేశారు, జబ్బు అడుగంటేదాకా వచ్చి మళ్లీ లేచింది, చివరికి 2018లో ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కూడా కలిపి మూడు మందులు వెయ్యాల్సొచ్చింది. అదే పసిఫిక్‌లో టోంగా పట్టు వదలకుండా వేసింది, 2017లో బోదకాలు నిర్మూలించిన దేశంగా గుర్తింపు తెచ్చుకుంది. మీరు అక్కడికి వెళ్లగానే హెల్త్ సెంటర్‌లో పేర్లు రాయించుకుని, మాత్రలు ఎప్పుడు వేస్తారో, ఆ ఉప్పు ఇప్పుడు దొరుకుతోందో లేదో అడగండి.