గులాబీ నల్లమచ్చకు సూడోమోనాస్ పరీక్ష ఎలా పెట్టాలి?

నమస్కారమండి. కడియపులంకలో మాకు చిన్న నర్సరీ ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచి గులాబీలకు నల్లమచ్చ తెగులు ఆగడం లేదు. కింది ఆకుల మీద అంచులు చిట్లినట్టుండే నల్లటి మచ్చ, చుట్టూ పసుపు. తాకితే చాలు, ఆకు రాలిపోతోంది. మోడులైపోతుంటే చూడలేకపోతున్నాను.

ఒకే రకం మొక్కలు 60 పక్కన పెట్టాను. 20కి సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ (తెగులును అణిచే మేలు చేసే బాక్టీరియా) పొడి, లీటరుకు 10 గ్రాములు, సాయంత్రం పూట పిచికారీ. 20కి బాసిల్లస్ సబ్టిలిస్, అదీ అలాంటి బాక్టీరియానే. మిగతా 20కి ఉత్త నీళ్లు. వీటిని విడివిడిగా పెట్టాలా, కలగలిపి పెట్టాలా? వాన తుంపర్లతో పక్క మొక్కకు తెగులు పాకితే లెక్క తప్పుతుందని నా టెన్షన్. కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి ఉన్న తెగులు మందు) కొట్టి వారమైంది. మేలు చేసే బాక్టీరియా కూడా చస్తుందని ఆగాను. ఇంకెన్ని రోజులు ఆగాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి, దయచేసి.